తులసి కమిలితే అపశకునమా?

ఆయుర్వేదంలో 'దేశం' అను మాటకు రెండు అర్థాలు కలవు. ఒకటి రోగి దేహం, రెండవది అతడు నివసించు భూమి. చికిత్సకు ముందు ఈ రెండింటినీ పరీక్షింపవలెనని గురుకులంలో మా గురువుగారు తొలినాళ్ళలోనే బోధించినారు. పెరటి మొక్క విషయంలోనూ ఈ పరీక్ష అవసరమే. దీనిని విస్మరించుటవలన విదేశాలలోని మన ఆడపడుచులు ఎందరో అకారణంగా మనస్తాపం పొందుచున్నారు.

నిరుడు ఆశ్వయుజ మాసంలో షికాగో నగర సమీపాన ఉన్న మా పెద్దమ్మాయి ఇంట కొన్ని వారాలు గడిపితిని. ఒకనాటి ఉదయం వెనుక తలుపు తీసి చూడగా, కుండీలోని తులసి నల్లగా కమిలి తల వాల్చి ఉన్నది. రాత్రి మంచు గడ్డకట్టినది. అమ్మాయి కన్నీరు పెట్టుకొని, "నాన్నగారూ, ఇంటికి ఏదైనా కీడు సూచిస్తోందా?" అని అడిగినది. "కాదమ్మా! ఇది శకునం కాదు, శీతం" అంటిని.

ఇందులో విచిత్రమేమనగా, మనకు తులసిపూజకు ప్రశస్తమైనది కార్తిక మాసం. ఆ దేశంలో తులసికి ప్రాణగండం కలిగేదీ సరిగ్గా ఆ దినాలలోనే. తులసి ఉష్ణదేశపు మొక్క. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువన కొన్నాళ్ళు ఉన్నచో క్షీణించును. సున్నాకు దిగినచో ఆకులలోని నీరు గడ్డకట్టి మొక్క నశించును. ఇందులో గృహిణి భక్తిలోపం ఏమియు లేదు. అక్కడ తులసిని ఏటేటా విత్తుకొను మొక్కగా భావించుటే యుక్తమని నా అభిప్రాయం.

ఆనాడే ఆ కమిలిన మొక్క నుండి ఎండిన వెన్నులు కోసి, నలిపి, విత్తనాలు కాగితపు పొట్లంలో భద్రపరచితిమి. షికాగో ప్రాంతంలో మంచు భయం తీరునది మే నడుమకు. అందుకు ఆరు, ఎనిమిది వారాల ముందుగా, అనగా మార్చి చివరలో, ఇంటిలోపల వెచ్చని చోట విత్తనాలు చల్లి, పైన పలుచగా మట్టి రాల్చవలెను. నారు ఎదిగిన పిదప ఒక్కసారిగా ఎండలో పెట్టరాదు. మొదట ఒక గంట, తరువాత రెండు గంటలు, ఇట్లు వారం పది దినాలు అలవాటు చేసి పిమ్మట బయట నాటవలెను.

కరివేపాకు సంగతి వేరు. అది చెట్టు. కుండీలో పెంచి, సెప్టెంబరులోనే ఆకులు కడిగి, పురుగు లేదని చూచుకొని ఇంటిలోనికి చేర్చి, దక్షిణపు కిటికీ చెంత ఉంచవలెను. వేడిగాలి నేరుగా తగులరాదు. అక్కడ డిసెంబరులో పగలు తొమ్మిది గంటలే గనుక చెట్టు ఆకు రాల్చి నిద్రించును. అది చూచి కంగారుతో నీరు ఎక్కువ పోయుటవలన వేరు కుళ్ళి చచ్చునవే అధికం. పైమట్టి ఆరిన పిదపనే నీరు పోయండి. వసంతంలో చిగురు వచ్చును.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. ప్రయాణపు పెట్టెలో కరివేపాకు కట్ట పెట్టుకొని పోయితిని. విమానాశ్రయంలో అధికారి దానిని తీసివేయగా మనసులో విసుగుకొంటిని. కారణం తరువాత తెలిసినది. కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబానికి చెందినది. దానిపై నివసించు ఒక చిన్న పురుగు ఆ తోటలకు మందులేని తెగులు అంటించును. ఫ్లోరిడాలో ఆ తెగులు 2005లో బయటపడి నారింజ తోటలను తీవ్రంగా దెబ్బతీసినది. మన పోపు రుచికై పరుల తోటకు హాని తలపెట్టుట వైద్యధర్మం కాదు. మొక్కను అక్కడి నర్సరీలోనే కొనుక్కొనండి.

మరియొక హెచ్చరిక. అక్కడి ఇండ్ల ముందు కంచెగా పెంచు 'యూ' అను పొదను చూపి, ఒక పెద్దమనిషి "ఇది తాలీసపత్రమే కదా, చూర్ణం చేసుకొందునా?" అని అడిగినాడు. మన దేశంలోనూ కొన్ని బజారులలో దాని జాతి ఆకును తాలీసపత్రమని అమ్ముట కలదు. నేను గట్టిగా వారించితిని. ఆ పొద ఆకు, గింజ గుండెను ఆపగల విషం. ఎర్రని పండ్లు పిల్లలను ఆకర్షించును గనుక మరింత జాగ్రత్త వలయును. పోలికను చూచి ఔషధం సేవించరాదు.

మరి ఆ నేలకు తగినదేది? వెల్లుల్లి. అక్టోబరులో నేల గట్టిపడుటకు ముందే రెబ్బలు నాటి, రాలిన ఆకులు మందంగా కప్పినచో, మంచు క్రింద వేరూని జూలైలో గడ్డ చేతికి వచ్చును. ఆ చలి దానికి బాధ కాదు, అవసరం. పైన పడిన మంచు కూడా గాలిని ఇముడ్చుకొని కంబళివలె నేలను కాపాడును. పుదీనా పైకి ఎండినను వేరు బ్రతికి వసంతంలో మరల చిగురించును. బహువార్షిక మొక్కలు కొనునప్పుడు చీటీపై శీతమండల సంఖ్య చూడండి. అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని 13 మండలాలుగా విభజించి, ఆ పటాన్ని 2023లో సవరించినది. మన పెద్దలు చెప్పిన దేశపరీక్షకు ఇది సమీపమైనదే.

జన్మభూమి మొక్కను ప్రేమించుట తప్పు కాదు. అది బ్రతుకలేదని తమను నిందించుకొనుటే తప్పు. ఈ ఏడు జ్యేష్ఠమాసంలో అమ్మాయి ఫోను చేసి, పొట్లంలోని విత్తనాలు పదకొండు మొక్కలైనవని, నాలుగింటిని ఇరుగుపొరుగులకు పంచితినని చెప్పినది. కమిలిన తులసి ఆ ఇంటికి చేసినది కీడా, మేలా? పాఠకులే నిర్ణయింతురుగాక.