అందరి సంతకాలు లేని చెరువు లీజులు ఆపాలి

ఉమ్మడి భూముల్లో వాటా ఉన్న అక్కచెల్లెళ్లకూ, అన్నదమ్ములకూ, లీజుదారులకూ!

సంక్రాంతికి పుట్టింటికొచ్చిన ఇద్దరు ఆడపడుచులు నాన్న పొలం చూద్దామని వెళితే అక్కడ పొక్లెయిన్ తవ్వుతోంది. భూమి ఇంకా పంపకం కాలేదు. అయినా అన్న ఒక్కడే సంతకం పెట్టి, మొత్తం పొలాన్ని అయిదేళ్లకు రొయ్యల చెరువుకు లీజుకిచ్చేశాడు. ఇదేమిటని అడిగితే, "మీకు కట్నాలిచ్చి పంపాం కదా" అన్నాడు.

కట్నం 1961 నుంచీ నేరం. నేరాన్ని వాటా కింద చెల్లు రాస్తారా? కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం తెచ్చింది. అప్పటికే పెళ్లయి అందులో మిగిలిపోయిన ఆడపిల్లలకు కూడా 2005 కేంద్ర సవరణ దారి తెరిచింది. ఆ సవరణ వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత జరిగినా లీజు కాగితం దగ్గర ఆడపిల్ల ఎవరికీ గుర్తురాదు!

వరి కౌలైతే పంట కోశాక పొలం పొలంగానే ఉంటుంది. చెరువు అలా కాదు. పైమట్టి గట్లకు పోతుంది, సరిహద్దులు చెరిగిపోతాయి, ఉప్పునీరు పక్క చేలోకీ ఊరుతుంది. అయిదేళ్ల తర్వాత చెల్లెలికి వాటాగా పంచేది గొయ్యి. లీజు డబ్బు మాత్రం ఏటా ఒక్కడి జేబులోకే. ఇది దోపిడీ. దీన్ని ఇంటిగుట్టు అని కప్పిపెట్టేవాళ్లు కూడా ఇందులో భాగస్వాములే.

"పెద్దకొడుకు కర్త" అనే మాట ఇక్కడ చెల్లదు. కర్త పని ఆస్తిని కాపాడటం. కోర్టుకెక్కితే పుట్టింటికి రాకపోకలు పోతాయంటారా? వెనకచాటున సంతకం పెట్టిన రోజే అవి తెగాయి.

1882 ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ చూడండి. ఒక వాటాదారు తనకున్నదే ఇవ్వగలడు. లీజుదారుకు దక్కేదీ అంతే. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లక్షలు పోసి చెరువు తవ్వేవాళ్లు ముందు వాటాదారులందరినీ కలవండి.

వాటాదారులందరి సమ్మతి లేనిదే సబ్‌రిజిస్ట్రార్ లీజును రిజిస్టర్ చేయకూడదు, మత్స్యశాఖ చెరువుకు అనుమతి ఇవ్వకూడదు. అక్కచెల్లెళ్లూ, పొక్లెయిన్ దిగకముందే లాయరు నోటీసు అన్నకూ లీజుదారుకూ ఇద్దరికీ పంపండి. ఆగకపోతే పంపకం దావాతోపాటు ఇంజంక్షన్ అడగండి, వచ్చిన లీజు సొమ్ములో వాటా లెక్క కూడా అడగండి.

అందరి సమ్మతి లేని లీజులు ఆపాలంటూ వచ్చే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాం. పాత దస్తావేజుల నకళ్లు పట్టుకుని రండి.