పేరు మారితే చెక్కు చెల్లదు

సర్వరు కొత్త కూర్పుకు మారింది, ఎక్కడా తప్పు చూపలేదు, తీరా ఆపి మళ్లీ ఆన్ చేసేసరికి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయింది. వర్చువల్ సర్వర్లకు తరచు వచ్చే జబ్బు ఇది. వాటికి విడిగా పెట్టె ఉండదు. ఒక పెద్ద యంత్రంలో అద్దె వాటాల్లా నాలుగైదు ఉంటాయి. నెట్‌వర్క్ కార్డు కూడా ఉత్తుత్తిదే.

మన సంఘం సభ్యుల జాబితా, వివాహ వేదిక వివరాలు ఇలాంటి వాటాలోనే ఉన్నాయి. పోయిన దసరా ముందు అందులోని లినక్స్‌ను మార్చాక రెండు రోజులు పలకలేదు. ‘‘అంతా తుడిచేసి మళ్లీ ఎక్కిద్దాం బాబాయిగారూ’’ అన్నారు మన కుర్రవాళ్లు. ఏప్రిల్ తరువాత చేరిన పేర్లకు వేరే నకలు లేదు. లెడ్జర్ల రోజుల్లో టాలీ కాకపోతే పుస్తకం చించేవాళ్లమా? కాస్త ఆగమన్నాను.

నెట్‌వర్క్ దారిన లోపలికి పోలేం కనుక, పెద్ద యంత్రం వైపు నుంచి కన్సోలు తెరిచాం. ‘ఐపీ లింక్’ అని కొడితే కార్డు కనబడింది. పేరు మాత్రం ఈటీహెచ్0 కాదు, ఈఎన్ఎస్192. అమరిక ఫైలులో ఇంకా పాత పేరే. పెళ్లయి, ఖాతాలో ఇంటిపేరు మార్పించుకున్న అమ్మాయికి పాత పేరున చెక్కు వచ్చినట్టే: మనిషీ ఉంది, సొమ్మూ ఉంది, జమ కాదు.

ఇది ఎవరి చాదస్తమూ కాదు. పూర్వం లినక్స్ కార్డులు కనబడిన వరుసలో ఈటీహెచ్0, ఈటీహెచ్1 అని పేర్లు పెట్టేది. రెండు కార్డులుంటే అవి ఒక్కోసారి తారుమారయ్యేవి. 2013లో సిస్టమ్‌డీ 197వ కూర్పుతో, కార్డు ఉన్న స్థానాన్ని బట్టి పేరు పెట్టే పద్ధతి వచ్చింది. పాత పేరుతో నెట్టుకొస్తున్న సర్వర్లకు ఏదో ఒక మార్పులో ఇది ఎదురవుతుంది.

ఫైలులో పేరు దిద్దగానే గేట్‌వే పలికింది. 8.8.8.8 అనే అంకెకు పింగ్ వెళ్లింది, వెబ్‌సైట్ల పేర్లకు మాత్రం వెళ్లలేదు. అంటే దారి బాగానే ఉంది, చిరునామాల పుస్తకం లేదు. చూస్తే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలులో నేమ్‌సర్వర్ వరుసే లేదు! ముందు కార్డు, తరువాత గేట్‌వే, ఆపైన బయటి అంకె, చివర పేరు. చూడవలసిన క్రమం ఇదే. చాలామంది చివరి నుంచి మొదలుపెట్టి ఫైర్‌వాల్‌ను తిడతారు.

మీ ఊరి సంఘానికి ఇలాంటి సర్వరుంటే, మార్పుకు ముందు స్నాప్‌షాట్ తీయించండి. కార్డు మాక్ చిరునామా కాగితం మీద రాసుకోండి. పేరు మారినా దాన్ని బట్టి కార్డును పోల్చుకోవచ్చు. స్నాప్‌షాట్ సాధారణంగా అదే యంత్రంలో ఉంటుంది కనుక దాన్ని నకలుగా లెక్కించకండి. మన జాబితా నకలు ఇప్పుడు బరంపురంలో ఒకటి, విశాఖలో మా అన్నయ్యగారింట ఒకటి ఉన్నాయి.