ఇంజీలులో ఫసాద్ అంటే లంచమేనా?

సింహాచలం కొండ కింద అడవివరంలో మా ఇంటి మీద అంతస్తు వేయించినప్పుడు మేస్త్రీకి 14,000 రూపాయలు బకాయి పెట్టాను. బాత్‌రూం గోడకి చెమ్మ వస్తోందని నా సాకు. అతనొచ్చి ఆ చెమ్మ బాగు చేసి వెళ్లాడు. అయినా డబ్బు ఇవ్వలేదు. వచ్చే నెల అన్నాను, రంజాన్ అయ్యాక అన్నాను. మూడోసారి వచ్చినప్పుడు అతను గొడవ పడలేదు. "సాయిబు గారూ, మీరు మా బైబిలు కూడా చదువుతారని మీ అబ్బాయి చెప్పాడు. యాకోబు పత్రిక ఐదో అధ్యాయం చూశారా?" అని అడిగి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

తమాషా ఏమిటంటే, సరిగ్గా అప్పుడే నేను బైబిల్లో కరప్షన్ అనే మాటకు మతలబ్ ఏమిటని నోట్సు రాసుకుంటున్నాను. మన పేపర్లు ఆ ఇంగ్లీషు మాటను "అవినీతి" అని తర్జుమా చేస్తాయి. అవినీతి అనగానే మనకు గుర్తొచ్చేది రిష్వత్: రిజిస్ట్రేషన్ ఆఫీసు, చెక్‌పోస్టు, బల్ల కింద కవరు. అంటే ఎప్పుడూ ఎవరో ఇంకొకరు చేసే పని. దానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు "మామూలు". అమల్ అనే అరబీ ధాతువు నుంచి వచ్చిన మాట అది, అమల్లో ఉన్నది, వాడుకలో ఉన్నది అని అర్థం. తెలుగులోకి వచ్చాక మంచి చెడ్డల ఊసు లేకుండా లంచానికి పేరైంది. ఒక పాపానికి "ఎప్పుడూ ఉండేదే" అని పేరు పెట్టిన జాతి మనది!

బైబిల్లో మాట ఇది కాదు. తౌరాత్ మొదటి కితాబు ఆరో అధ్యాయం, హజ్రత్ నూహ్ కాలం. అల్లాహ్ దృష్టిలో భూమి చెడిపోయింది, జులుంతో నిండిపోయింది అని ఉంటుంది. అక్కడి హీబ్రూ మాట షాహత్. చెడిపోవడానికీ, ఆ తర్వాత తుఫానుతో నాశనం చేస్తాననడానికీ వాడింది ఆ ఒక్క ధాతువునే. పాపానికి ఒక మాట, సజాకు వేరే మాట లేవు. మనిషి ముందే పాడు చేసుకున్నదాన్నే ప్రళయం తీసుకుపోయిందన్న మాట. యర్మియా పైగంబర్ రాతి సందులో దాచిన నార నడికట్టు కొన్నాళ్లకు దేనికీ పనికిరాకుండా పాడైపోయిందని చెప్పినప్పుడూ ఇదే మాట. కుమ్మరి చేతిలో కుండ చెడినప్పుడూ ఇదే. అయితే కుమ్మరి ఆ మట్టిని పారేయలేదు, మళ్లీ ఇంకో కుండ చేశాడు. తౌబాకు ఇంతకంటే మంచి మిసాల్ నాకు కనబడలేదు.

ఇంజీలు భాగం గ్రీకులో ఉంది. అక్కడి మాట ఫ్తోరా. కుళ్లిపోవడం, అరిగిపోవడం. తెలుగు బైబిలు దీన్ని గలతీయుల పత్రికలో "క్షయము" అంది, పేతురు రెండో పత్రికలో "భ్రష్టత్వము" అంది. ఒకటి శరీరం మాట, ఇంకొకటి నడవడి మాట. గ్రీకులో రెండూ ఒకటే. క్షయ అంటే మన ఊళ్లో టీబీ. పైకి మనిషి నడుస్తూనే ఉంటాడు, లోపల ఊపిరితిత్తి కరిగిపోతుంటుంది. పేతురు ఆ కుళ్లు లోకంలోకి ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాడు: దురాశ నుంచి. మనం నఫ్స్ అంటామే, అదే.

దీనికి ఎదురుమాట "అక్షయత". పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, మరణించినవారు తిరిగి లేచే సంగతి చెప్పే చోట వస్తుంది. ఈ మాట మా సింహాచలం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏడాదంతా చందనం పూతలో ఉండే అప్పన్న స్వామి నిజరూపం చూపించేది అక్షయ తృతీయ నాడే. ఆ రోజు మా వీధి మొత్తం జనంతో నిండిపోతుంది. కొండ మీది పండగలోనూ పౌలు పత్రికలోనూ ఒకే మాట. తర్జుమా చేసినవాళ్లు జనం నోట్లో ఉన్న మాటనే తీసుకున్నారు.

ఆ తర్జుమా పని మన ఊళ్లో కూడా జరిగింది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. క్రైస్తవం తీసుకున్న ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు తర్జుమాలో తోడయ్యాడు. క్రాన్ 1809లో, డి గ్రాంజెస్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చయిన కితాబు చూసుకునే నసీబు ఆ ఇద్దరికీ లేదు. పరాయి దేశంనుంచి వచ్చి ఇంత చేశారు. పుట్టి పెరిగిన భాషలో మనం ఆ మాటల మతలబ్ కనుక్కోవడానికి బద్ధకిస్తున్నాం.

నాకు తెలిసిన ఒక పాస్టరు గారు వేరే మాట అంటారు. లంచం లోకసంబంధమైన పాపం, ఆత్మ చెడిపోవడం అంటే తప్పుడు బోధ, తప్పుడు ఆరాధన, ఈ రెండూ కలపకండి భాయ్ అని. మా మసీదుల్లో కూడా ఇలా అనేవాళ్లు ఉన్నారు. అఖీదా వేరు, లావాదేవీ వేరు. నాకిది ఒప్పుదల కాదు. యషయా మొదటి అధ్యాయం తీయండి. వెండి మష్టు అయిపోయింది, ద్రాక్షరసంలో నీళ్లు కలిశాయి అంటాడు. వెంటనే పక్కనే అధికారులు లంచం కోరుతున్నారు, యతీముల ఫిర్యాదు, విధవల వ్యాజ్యం వినేవాడు లేడు అంటాడు. యెహెజ్కేలు 22వ అధ్యాయంలోనూ లంచం, వడ్డీ, మష్టు ఒక్కచోటే.

మష్టు అంటే ఏమిటో స్టీల్ ప్లాంట్ ఊరివాళ్లకు వివరించాలా? అక్కడ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు. కరిగిన ఇనుము అడుగున ఉంటుంది, తేలికైన స్లాగు పైకి తేలుతుంది, దాన్ని వేరుగా తీస్తారు. యెహెజ్కేలు బాధ ఏమిటంటే కొలిమిలో వేసిన జాతి మొత్తం మష్టే, అడుగున వెండి మిగల్లేదు. అదే అధ్యాయంలో ఇంకో మాట నన్ను కుదిపింది. నాయకులు జనాన్ని చీల్చి తింటుంటే ప్రవక్తలు దాని మీద సున్నం పూస్తున్నారట. చెమ్మ గోడకు పైపైన సున్నం కొట్టడం. నేను మేస్త్రీ మీద వేసిన నింద!

ఒకచోట మాత్రం నాకు క్రైస్తవ సోదరులతో పేచీ ఉంది. ఆదం చేసిన గునాహ్ వల్ల ఆ చెడు మనిషి పుట్టుకలోనే వచ్చిందని వాళ్లలో చాలామంది నమ్ముతారు. మేము బిడ్డ ఫిత్రత్ మీద, శుభ్రంగా పుడుతుందంటాం. హజ్రత్ ఆదం తౌబా చేశారు, అల్లాహ్ మాఫీ చేశాడు, హిసాబు అక్కడితో చెల్లు. జంగ్ పుట్టుకతో రాదు, పడుతుంది. మా పోర్టు గాలికి కొత్త గేటు రెండేళ్లలో ఎలా తుప్పెక్కుతుందో, అలా.

ఇక యాకోబు ఐదో అధ్యాయం. ధనవంతుల బంగారం, వెండి తుప్పు పట్టాయి, ఆ తుప్పే వాళ్లమీద సాక్ష్యం చెబుతుంది అని ఉంది. బంగారానికి తుప్పేమిటని ఇదివరకు నవ్వుకున్నాను. కింది మాట పట్టించుకోలేదు: పొలం కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొర పెడుతోంది. ఇక్కడ ఎవరూ లంచం తీసుకోలేదు. దొంగతనం లేదు. ఇవ్వాల్సింది ఇవ్వకుండా ఇంట్లో ఉంచుకున్నారు, అంతే. తుప్పు పట్టనిదానికి తుప్పు పట్టించేది పరాయివాడి మజూరీ.

ఖురాన్ తీస్తే 83వ సూరా ముతఫ్ఫిఫీన్. తమకు రావాల్సింది నిండుగా కొలిచి తీసుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్లకు హెచ్చరికతో మొదలవుతుంది. 14వ ఆయత్‌కి వచ్చేసరికి వాళ్లు సంపాదించిందే వాళ్ల దిల్ మీద జంగ్ అయిందని ఉంటుంది. నేను గోడలు నిండుగా కట్టించుకుని, కొలత తగ్గించి ఇచ్చినవాణ్ణి. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసు ఇదే బ్లాగులో రెండుసార్లు రాశాను కూడా.

మర్నాడు గోపాలపట్నంలో అతని ఇంటికి వెళ్లి 14,000 ఇచ్చాను. లెక్కపెట్టుకున్నాడు. నా దగ్గర రానందువల్ల తన కింద పనిచేసిన ఇద్దరు కూలీలకు అప్పు తెచ్చి ఇచ్చానని చెప్పాడు. రిబా హరామని బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా వేయనివాణ్ణి, ఇన్ని నెలలు అతనిచేత వడ్డీ కట్టించాను. ఎంతయింది, అదీ ఇస్తాను, చెప్పమన్నాను.

"మీరు చదివారు కదండీ, చాల్లెండి" అన్నాడు. ఇప్పటికీ అంకె చెప్పలేదు.