ప్రేవులలోని నేస్తములు

సూక్ష్మజీవి యనగానే రోగమని తలంచి భయపడుట మనలో పెక్కుమందికి అలవాటు. నీరు కాచుకొనుటకును, చేతులు కడుగుకొనుటకును ఆ భయము తోడ్పడినది గాని, సూక్ష్మజీవులన్నియు శత్రువులు కావు. మనిషి దేహములో నివి సుమారు 38 లక్షల కోట్లు గలవని 2016లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. ఇందధికభాగము పెద్దప్రేవులోనే కాపురముండును. అచట ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. అది సోకినచో వృద్ధి పొందజాలని జీవులకు ఆ చోటే తగిన నెలవు.

వీని పని యేమి? పప్పులు, ఆకుకూరలు, రాగులు, జొన్నలు మున్నగువాని పీచును మన చిన్నప్రేవు జీర్ణించుకొనలేదు. అది పెద్దప్రేవును చేరగా నీ జీవులు దానిని పులియబెట్టి, బ్యుటిరిక్ ఆమ్లము మొదలగు పదార్థములుగా మార్చును. పెద్దప్రేవు లోపలిపొరలోని కణములకు ఈ ఆమ్లమే ముఖ్యాహారము. ఆ కణములు దీనిని వినియోగించుకొనునపుడు ప్రాణవాయువును ఖర్చుచేయును. అందుచే ప్రేవులో ప్రాణవాయువు తగ్గి, ఆ జీవులకు మరల ననుకూలమగును. ఒకరి నొకరు పోషించుకొను సంసారమిది.

ఈ చెలిమి శైశవముననే మొదలగును. తల్లిపాలు త్రాగు శిశువుల మలములో బిఫిడో జాతి సూక్ష్మజీవులను 1899లో పారిస్ నగరమున హెన్రీ టిస్సియే కనుగొనెను. తల్లిపాలలోని కొన్ని చక్కెరలను బిడ్డ జీర్ణించుకొనలేదు. అవి యీ జీవులకు ఆహారము. ముర్రుపాలలో నవి సమృద్ధిగా నుండును. కావున ముర్రుపాలు పిండి పారబోయు ఆచారము నింక విడువవలెను.

మరియొక హెచ్చరిక. బిడ్డకు విరేచనములు కాగానే మందుల దుకాణమునకు పోయి, వైద్యుని యడుగకయే యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి వేయు తల్లులు గలరు. ఆ మందు శత్రువులతోపాటు నేస్తములను గూడ చంపును. అట్లు ఖాళీయైన చోట క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అను దుష్టజీవి విజృంభించి తీవ్రమైన విరేచనములు కలిగింపవచ్చును. ఈ వ్యాధి పదేపదే తిరుగబెట్టిన 16 మందికి, ఆరోగ్యవంతుల మలమునుండి తీసిన ద్రావణమును హాలెండు వైద్యులు ప్రేవులలోని కెక్కించిరి. 15 మందికి నయమైనదని 2013లో ప్రకటించిరి. వినుటకు రోతగా నున్నను, పోయిన నేస్తముల విలువను ఇంతకంటె స్పష్టముగా తెలుపునది లేదు.

విరేచనములైన బిడ్డకు మొదట కావలసినది ఓ.ఆర్.ఎస్. నీరు, తల్లిపాలు. మలములో నెత్తురు, జ్వరము, మగతదనము, మూత్రము తగ్గుట కనబడినచో వెంటనే వైద్యునికి చూపవలెను. ఆయన యాంటీబయాటిక్ వ్రాసియిచ్చినచో, చెప్పినన్ని దినములు తప్పక వాడవలెను. మిగిలినది దాచి మరియొకరి కీయరాదు.

మజ్జిగ మంచిదే, కాని యందలి జీవులు పెక్కు ప్రేవులలో స్థిరముగా నిలువవు. నిలిచియున్న నేస్తములకు ప్రతిదినము పీచు నందించుట గృహిణి చేతిలోని పని. అలవాటు లేనివారు కొద్దికొద్దిగా పెంచుకొనవలెను. లేనిచో కడుపుబ్బరము కలుగును. ఇంటివారి కందరికిని వడ్డించి, మిగిలిన పచ్చడిమెతుకులతో సరిపెట్టుకొను సోదరీమణులు తమ కంచములో గూడ గరిటెడు పప్పును, కూరను వడ్డించుకొందురుగాక యని మా కోరిక.