ఊరి గ్రంథాలయంలో డాక్టరు గొంతు వినపడాలి

పాతబస్తీ నుంచి నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్. మూసీ ఒడ్డున అక్కడ రెండు పెద్ద భవనాలు ఇరుగుపొరుగున ఉన్నాయి. ఒకటి ఉస్మానియా దవాఖాన. రెండోది 1891లో పుట్టిన అసఫియా, నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. దవాఖాన ముందు పొద్దున్నే వరుస. పాతబస్తీ పేదలతో పాటు పాలమూరు, నల్లగొండ పల్లెల కూలీలూ అందులో ఉంటారు. డాక్టరు చూసేది నాలుగు నిమిషాలు. పోయేది ఒకరోజు కూలి, తోడొచ్చినవాని కూలి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమే. మరి పోయిన కూలి ఎవరిస్తరు?

'డాక్టరును ఫోన్లోనే చూపిస్తున్నాం' అంటారు పాలకులు. నిజమే, 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది. ఫీజు లేదు. కాని టచ్ ఫోన్ ఎవరి చేతిలో ఉంది? పట్నం పోయిన కొడుకు చేతిలో! ఫోను దొరికినా, ఒంటిగది ఇంట్లో అత్తమామల ముందు కోడలు తన తెల్లబట్ట సంగతి డాక్టరుకు చెప్పుకోగలదా?

అందుకే గ్రంథాలయం కావాలి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు పాట్స్‌బరో అనే చిన్న ఊరు 2021లో తన గ్రంథాలయంలోనే ఒక గదిని ఇందుకు కేటాయించింది. తలుపు వేసుకుని, తెరమీద డాక్టరుతో మాట్లాడుకోవచ్చు. మనకిది చేతకాని పనా? 1935లోనే పడవమీద పుస్తకాలు పెట్టి, కాలువ వెంట పల్లెలకు చేర్చిన ఉద్యమం తెలుగువాళ్లది!

డబ్బు లేదనే మాట చెల్లదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు వసూలవుతున్నది. గుడిసెవాడూ కడుతున్నాడు. ఆ పైసలు గ్రంథాలయాలకు సరిగా చేరడం లేదన్నది ఏనాటి నుంచో ఉన్న ఫిర్యాదు. చేరితే గదికి తలుపు, తెర, ఇంటర్నెట్టు రావా?

అయితే ఒక మోసం గురించి మెలకువగా ఉండాలి. తెర చూపించి డాక్టరు పోస్టు ఎత్తేస్తామంటే ఒప్పుకునేది లేదు. పాము కరిచినవానికి, పురుగుమందు కొడుతూ పొలంలో పడిపోయినవానికి, నొప్పులొస్తున్న తల్లికి తెర పనికిరాదు. అక్కడ అంబులెన్సు కావాలి, మనిషి డాక్టరు కావాలి. బీపీ, షుగరు, చర్మరోగాలు, పాత చీటీ మందులు - వీటికి తెర చాలు. బీపీ చూడటానికి, మందులివ్వటానికి వారంలో నిర్ణయించిన రోజున ఏఎన్ఎమ్ గ్రంథాలయానికి రావాలి. ఆ భారం గ్రంథపాలకుని నెత్తిన రుద్దరాదు. ఈ గదిని ప్రైవేటు కంపెనీలకు అప్పగించరాదు. రోగి వివరాలు గది దాటి పోరాదు.

కార్యకర్తలారా! ఈ వారం మీ మండల శాఖా గ్రంథాలయానికి పోయి చూడండి. తాళం ఉందా, కరెంటు ఉందా, పక్కన ఖాళీ గది ఉందా? మన పంచాయతీ కట్టిన సెస్సు ఎంత, గ్రంథాలయ సంస్థకు చేరింది ఎంత? లెక్క రాసి గ్రామసభలో చదవండి. అఫ్జల్‌గంజ్‌లో పక్కపక్కనే ఉన్న ఆ రెండూ మన ఊళ్లో ఒక్క కప్పు కిందికి రావాలంటే, అడిగే నోరు ముందు ఊళ్లోనే లేవాలి.