పేరు చూసి కాదు, విన్ నంబరు చూసి

నేపర్‌విల్‌లో మాల్ ఆఫ్ ఇండియా పార్కింగ్‌లో మీ కారు వెతుక్కున్నారా ఎప్పుడైనా? అన్నీ తెల్లవీ బూడిదరంగువీ, అన్నీ ఎస్‌యూవీలే. తాళం బటన్ నొక్కి కూత వింటే గానీ మనదేదో తెలీదు. పార్టీల్లో మగవాళ్ళ వాదన కూడా ఇదే. "టొయోటాకి కళ లేదు", "కియాకి కళ ఉంది గానీ నమ్మలేం." బిర్యానీ చల్లారినా ఆ వాదన చల్లారదు.

మైలేజీ కోసం అందరూ గాలిని చీల్చే ఆకారమే వెతుకుతారు, భద్రతా నియమాలూ అందరికీ అవే. ఒకేలా ఉండక ఏం చేస్తాయి? మన అంబాసిడర్ 2014 దాకా ఇంచుమించు ఒకే మొహంతో వచ్చింది, మనం తిరగలేదా!

నా బాధ కళ గురించి కాదు, పేరు చూసి గుండె మీద చెయ్యేసుకోవడం గురించి. టకాటా ఎయిర్‌బ్యాగులు గుర్తున్నాయా? హోండా, టొయోటా, ఫోర్డ్, బీఎండబ్ల్యూ... పైన పేర్లు వేరు, లోపల అదే సరుకు. అమెరికాలో దాదాపు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులు రీకాల్ చేశారు. లోపం ఉన్నవి పేలితే లోహపు ముక్కలు మొహం మీదికొస్తాయి. ప్రాణాలే పోయాయి.

అన్నిటికంటే ప్రమాదమైన వాటిలో 2001-2002 సివిక్, అకార్డ్‌లు ఉన్నాయి. ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలు "హోండా కదా ఆంటీ" అని కొనేది ఇలాంటి పాతవే. రీకాల్ పని చేయించకుండానే పాత కారు అమ్మినా ఫెడరల్ చట్టం ఆపదు. ఇండియాలో ఉన్న అమ్మలూ, మీ పిల్లల్ని అడగండి. డ్రైవర్ వైపు అద్దం కింద 17 అక్షరాల, అంకెల విన్ నంబరు ఉంటుంది. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొడితే రీకాల్ మిగిలిందో లేదో చెప్తుంది. టకాటా రిపేరుకైతే డీలరుకి పైసా ఇవ్వక్కర్లేదు.