క్రియాటినిన్ జాతకచక్రం కాదు

రక్తపరీక్ష కాగితంలో క్రియాటినిన్ 1.6 అని లావు అక్షరాల్లో కనబడగానే ‘కిడ్నీలు పోయాయి, ఇక డయాలసిస్సే’ అని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు. ఆ తీర్పుకు లెక్కల్లో ఆధారం లేదు. అరవై ఏళ్ల మగమనిషికి 1.6 అంటే కిడ్నీల వడపోత, అంటే డాక్టర్లు చెప్పే ఈజీఎఫ్ఆర్, దాదాపు 49. అది కిడ్నీజబ్బులో మూడో దశ. డయాలసిస్ మాట వచ్చే అయిదో దశ 15 దిగువన గాని మొదలుకాదు. పైగా ఆ తగ్గుదల మూడు నెలలకు పైగా నిలిస్తేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, నొప్పిమాత్రలు అతిగా మింగినా క్రియాటినిన్ కొన్నాళ్లు పెరగవచ్చు.

అమెరికాలో దాదాపు 28 వేలమందిని అయిదేళ్ల వరకు గమనించిన అధ్యయనం 2004లో వెలువడింది. మూడో దశవారిలో డయాలసిస్ దాకానో కిడ్నీ మార్పిడి దాకానో వెళ్లింది నూటికి 1.3 మందే. చనిపోయినవారు మాత్రం 24.3 శాతం, వారిలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి. అంటే మన భయం గురి తప్పింది. డయాలసిస్‌ను తలచుకుని కుమిలిపోయే ఇంట్లోనే బీపీ మాత్ర మానేయడం, చుట్ట కాల్చడం మామూలుగా సాగిపోతాయి. ‘ఎలాగూ పోయేవే కదా’ అన్న నిస్పృహ కొందరిని నాటుమందుల దగ్గరికి నడిపిస్తుంది. వాటిలో కొన్ని ఉన్న కిడ్నీనీ తినేస్తాయి.

‘మరి కిడ్నీజబ్బులకు పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మాటేమిటి?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ షుగర్, బీపీ లేనివారికీ జబ్బు వస్తోంది, మూత్రంలో ప్రొటీన్ అంతగా పోనందువల్ల ఆలస్యంగా బయటపడుతోంది. కానీ అది ఆలస్యం వల్ల జరిగే నష్టానికి సాక్ష్యం. కిడ్నీజబ్బంతా ఒకే దారిలో నడుస్తుందనడానికి కాదు. ఇక అయిదేళ్ల లెక్క ముప్ఫై ఏళ్లవాడికి ఏం సరిపోతుందన్నది రెండో ఆక్షేపణ. నిజమే, నాలుగో దశలో ఆ 1.3 కాస్తా దాదాపు 20 అవుతుంది. వయసు చిన్నదైతే దారి పొడవు. అందుకే మందు మొదట్లోనే పడాలి. 4,304 మందిపై జరిగి 2020లో వెలువడిన పరీక్షలో, మామూలు బీపీ మందులకు తోడు డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర వేసుకున్నవారిలో కిడ్నీ బాగా క్షీణించడం, కిడ్నీ లేదా గుండె కారణంగా మరణించడం కలిపి చూస్తే 39 శాతం తగ్గాయి. షుగర్ లేనివారికీ ఆ మేలు దక్కింది. అదే ఏడాది మనదేశంలో దాని తొలి పేటెంట్ ముగిసి, చాలా కంపెనీల మాత్రలు చవకగా వచ్చాయి. కాగితంలో ఆ అంకె కనబడిన రోజునే మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా రాయించుకుంటే, ముందున్న ఏళ్ల గురించి ఊహతో కాక ఆధారంతో మాట్లాడవచ్చు.